మా మేడం మానేసిన మాట

మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నా ముందు కాటా మీద ఏడాది పిల్ల ఉంది. మా నర్సు లోపలికి వచ్చి, తల్లికి వినపడకుండా నా చెవిలో చెప్పింది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చారట, కాఫీ వేళకు లేపితే లేవలేదట. నేను వెంటనే లేవలేదు. ఆ పిల్ల కాళ్ళు కొట్టుకోవడం ఆపేదాకా ఆగి, అంకె నిలిచాక చీటీ మీద రాసి, అప్పుడు కుర్చీ వెనక్కి జరిపాను. తూకం మధ్యలో వదిలేసి వస్తే, పోయిన మనిషి కూడా లేచి కూర్చుని నన్ను తిడతారనిపించింది. రోడ్డు మీదకు వచ్చాక గానీ ఏడుపు రాలేదు.

నరసరావుపేటలో ఆవిడ నడిపిన పిల్లల ఆసుపత్రి పెద్దదేం కాదు. కింద చూసే గది, పైన పది పన్నెండు మంచాలు. కానీ మాచర్ల నుంచి, గురజాల నుంచి, ఏటి అవతల నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా ఊళ్ళల్లో చాలామందికి తెలియదు, వాళ్ళకు ఆవిడ పిల్లల డాక్టరమ్మే. నాకు మేడం. పిల్లల వైద్యం చదువు ముగించుకొని, నాలుగు నెలలు పనిచేసి వెళ్ళిపోదామని ఆవిడ దగ్గర చేరాను. వెళ్ళలేదు. రెండేళ్ళ కిందట ఆవిడ వైద్యం మానుకున్నాక ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను.

సంతాప సభలో ఒకాయన ఆవిడను కరుణామూర్తి అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ వింటే మైకు లాక్కుని, “అదట్టా ఉండనీ, పిల్ల ఉచ్చ పోసిందా లేదా అది చెప్పు ముందు” అనేవారు. పొద్దున వార్డులోకి అడుగుపెట్టగానే ఆవిడ నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. పలకరింపులన్నీ ఆ తర్వాతే. తల్లి “పోసిందమ్మా” అంటే సరిపోదు. ఎప్పుడు పోసింది, ఎంత పోసింది, ఏ రంగులో ఉంది. తడిసిన గుడ్డను చేతిలోకి తీసుకుని బరువు చూసేవారు. కొత్తగా చేరిన నర్సులు మొహం చిట్లిస్తే, “సెలైను లోపలికి పోవడం మన చేతిలో ఉంది, బయటికి రావడం పిల్ల చేతిలో ఉంది. రెండో సంగతి తెలవకుండా మొదటిది ఎట్టా చేస్తావే?” అనేవారు.

సెలైను గురించి మా వైపు ఉన్న మోజు మీకు తెలిసిందే. నీరసంగా ఉంటే సీసా, జ్వరమొస్తే సీసా, ఎండలో పత్తి తీసి వస్తే సీసా. “ఒక్క సీసా ఎక్కించమ్మా, బలమొచ్చుద్ది” అని బతిమాలేవాళ్ళను ఆవిడ నిర్దయగా వెళ్ళగొట్టేవారు. “నోటితో తాగేదానికి సూది ఎందుకు? ఉప్పూ చక్కెరా కలిపి చెంచాతో పట్టు పో.” సీసా మందు కాదని, పిల్ల అన్నం తినలేని రోజున పెట్టే అన్నమని ఆవిడ మాట. అన్నం ఎంత పెట్టాలో తల్లికి తెలిసినట్టు, నీళ్ళు ఎంత ఎక్కించాలో మనకు తెలియాలనేవారు.

దానికి ముందు తూకం. “కంటితో తూకం ఎయ్యబాక, కాటాతో ఎయ్యి” అని నాకు చేరిన రోజే చెప్పారు. చెప్పినంత తేలిక కాదది. పిల్లను తూచితే దిష్టి తగులుతుందని నాయనమ్మలు ఒప్పుకోరు. అడిగితే నోటికొచ్చిన అంకె, అదీ రెండు కిలోలు తగ్గించి చెబుతారు. మేడం బల్ల సొరుగులో ఒక డబ్బాలో కళ్ళుప్పు పెట్టుకున్నారు. పిల్లను కాటా మీద నుంచి దించగానే గుప్పెడు ఉప్పు తీసి, మూడుసార్లు తిప్పి, చేతులు కడుక్కునే తొట్టిలో వేసి నీళ్ళు వదిలేవారు. నాయనమ్మ మొహం తేటపడేది. ఇంత చదివి దిష్టి తీయడమేమిటని నేను గొణిగితే, “మన వైద్యమంతా ఉప్పూ నీళ్ళేగా, ఇది పైనుంచి ఇస్తుండా, అంతే” అని నవ్వేవారు.

కాటా మీద పిల్ల ఉన్నంతసేపూ ఆవిడ అరచెయ్యి పిల్ల పొట్టకు కొంచెం పైన, గాలిలో, చాపి ఉండేది. ఆనించేవారు కాదు, ఆనిస్తే తూకం తప్పుతుంది. తీసేసేవారూ కాదు, పిల్ల దొర్లుతుంది. అంకె నిలిచేదాకా ఆ చెయ్యి అలాగే కదలకుండా ఉండేది.

లెక్క నాకు ముందే వచ్చు, పుస్తకంలో ఉన్నదే. మొదటి పది కిలోలకు కిలోకు వంద మిల్లీలీటర్లు, తర్వాతి పది కిలోలకు యాభై చొప్పున, ఆ పైన కిలోకు ఇరవై. రోజుకు అంత. పధ్నాలుగు కిలోల పిల్లకు వెయ్యిన్నీ రెండువందలు, అంటే గంటకు యాభై. సన్న చుక్కల గొట్టమైతే గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. మేడం చేతిగడియారం చుక్కల పక్కన పట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంటే, డాక్టరమ్మ మంత్రం వేస్తోందని పక్క మంచాలవాళ్ళు చేతులు జోడించడం నేను చూశాను. సీసాకూ పిల్ల చేతికీ మధ్య గీతలున్న పెద్ద గొట్టం ఒకటి వేలాడదీసి, అందులో రెండు గంటలకు సరిపడా నీళ్ళే పోయించేవారు. ఎవరైనా పొరపాటున చుక్కల వేగం మార్చే చక్రం తిప్పినా ఆ కాసిని నీళ్ళే పోతాయని.

ఆవిడ మొండిమనిషే గానీ మారని మనిషి కాదు. ఒకప్పుడు పిల్లలకు ఉప్పు బాగా తక్కువ ఉన్న సెలైనే ఎక్కించేవాళ్ళు. అందరూ అదే చదువుకున్నారు, ఆవిడా అదే చదివారు. దానితో కొందరు పిల్లలకు రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తోందని తెలిశాక పద్ధతి మారింది. ఆ సంగతి నేను మోసుకొస్తే కొన్నాళ్ళు నాతో వాదించారు. తర్వాత ఒక పొద్దున నేను వెళ్ళేసరికి పాత సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది వెనక్కి పంపించేస్తున్నారు. “ఇన్నేళ్ళూ ఇవి ఎక్కించిన పిల్లల సంగతేందే?” అని అడిగారు. “బతికారుగా మేడం” అన్నాను. “బతికినోళ్ళేగా మళ్ళీ మనకు కనపడేది” అన్నారు. ఇంకో అట్టపెట్టె ముందుకు లాక్కున్నారు.

ఇక ఆ మాట సంగతి చెప్పాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

మేడం పుట్టిల్లు పెదకూరపాడు వైపు. వాళ్ళ నాన్న మిరప రైతు. చిన్నప్పుడు ఆయన వెంట గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడిన పిల్ల ఆవిడ. పంట అమ్మినవాళ్ళకు తరుగంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బస్తా తూకం వేశాక గోనె బరువని, తేమని, దుమ్మని చెప్పి వ్యాపారి కొంత కొట్టేసే బరువది. మేడం ఆ మాటను ఆసుపత్రిలోకి తెచ్చుకున్నారు. ఊపిరితిత్తులకో మెదడుకో జబ్బు చేసినప్పుడు కొందరు పిల్లల ఒళ్ళు నీటిని బయటికి వదలకుండా పట్టేస్తుంది. రక్తంలో ఉప్పు పలచబడుతుంది. అలాంటి పిల్లకు లెక్క ప్రకారం నీళ్ళన్నీ ఎక్కిస్తే మెదడు వాస్తుంది. అందుకని కట్టిన లెక్కలో కొంత తగ్గించాలి. ఆ తగ్గింపును ఆవిడ తరుగు అనేవారు. “లెక్క కట్టావా? ఇప్పుడు మూడో వంతు తరుగు తియ్యి” అని నాకు చెబితే, మంచం పక్కన ఉన్న రైతులు నవ్వేవాళ్ళు. “నువ్వు కూడా యాపారివేనా డాక్టరమ్మా?” అని ఒక తాత అడిగితే, “యార్డులో తరుగు యాపారికి లాభం, ఇక్కడ తరుగు నీ మనవరాలికి లాభం” అన్నారు. ఆయనకు అది ఎంత నచ్చిందంటే ఊరంతా చెప్పుకున్నాడు. గొట్టంలో నీళ్ళు తక్కువున్నాయని గొడవ చేసేవాళ్ళు కూడా ఆ ఒక్క మాటతో ఊరుకునేవాళ్ళు.

ఒక్క మనిషి నవ్వలేదు.

నడికుడి దగ్గరి ఊరు వాళ్ళది. నాలుగేళ్ళ కూతురికి మెదడు జ్వరం. తల్లి ముందు తీసుకొచ్చింది, తండ్రి మర్నాడు పొద్దున గుంటూరు యార్డు నుంచి తిన్నగా వచ్చాడు. ఒంటి నిండా మిరప ఘాటు, దగ్గరికొస్తే మాకు తుమ్ములు. ఆ ఏడు కోతల వేళకు వాన పడింది. కాయ తడిసిందని అతని సరుకుకు విపరీతంగా తరుగు తీశారని మాకు తర్వాత తెలిసింది. పిల్ల పధ్నాలుగు కిలోలు. రక్తంలో ఉప్పు తక్కువుందని పరీక్షలో వచ్చింది. మేడం మంచం పక్కన నిలబడి ఎప్పటిలాగే పైకి లెక్క కట్టారు. “పన్నెండొందలు. మూడో వంతు తరుగు పోను ఎనిమిదొందలు. అంతే పెట్టు.”

“తరుగెందుకమ్మా?” అన్నాడతను.

మేడం ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు, యార్డులో యాపారికి, ఇక్కడ పిల్లకు అని. పక్క మంచంవాళ్ళు నవ్వారు. అతను గొట్టంలో ఉన్న కాసిని నీళ్ళకేసి, పైనున్న నిండు సీసాకేసి చూసి, తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

మధ్యాహ్నం నర్సులు డ్యూటీ మారే వేళ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. నేను పైకి పరిగెత్తేసరికి గొట్టం ఖాళీ. సీసా కింది చక్రం, గొట్టం కింది చక్రం రెండూ బార్లా తీసి ఉన్నాయి. సీసాలో నీళ్ళు దిగిపోయాయి. అతను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎవరు తిప్పారో అడగాల్సిన పనిలేదు. నర్సు నోరు తెరవబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టారు. ముందు పిల్ల పని చూశాం. సాయంత్రానికి నిమ్మళించింది. వారం గడిచేసరికి జ్వరం దిగింది, లేచి కూర్చుంది, అరటిపండు తింది. ఇంటికి పంపుదామనుకుంటుండగా తల్లి వచ్చి చెప్పింది. వెనకాల పళ్ళెం పడినా పిల్ల తిరిగి చూడలేదట.

చెవులు పోయాయి. మెదడు జ్వరంలో చెవులు పోవడం మాకు తెలిసిన సంగతే. ఆ నీళ్ళ వల్ల ఫిట్స్ ముందుగా వచ్చి ఉండవచ్చు, రాకపోయి ఉండవచ్చు. చెవులు మాత్రం జ్వరమే తీసుకుంటుంది. మేడం ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి అదే చెప్పారు. “జొరం చేసిన పని ఇది. మనుషులెవరూ చేసింది కాదు.” తల్లి ఏడ్చింది. అతను నేల చూస్తూ విన్నాడు. కిందికి వచ్చాక ఆ ముక్కే నేను మేడంకు చెప్పాను, జ్వరం వల్లే మేడం అని. “తెలుసులేవే” అన్నారు. “తరుగన్న మాట నాది. యార్డు నుంచి వచ్చిన మనిషి దగ్గర అనాల్సిన మాటేనా అది?” అన్నారు. చక్రం సంగతి అతన్ని ఎవరూ అడగకూడదని అందరికీ గట్టిగా చెప్పారు. “కూతురు అట్టా ఉంటే ఆయన్ని నిలదీసి మనం సాధించేదేంది?” అన్నారు.

ఆ తర్వాత ఆవిడ నోట తరుగు అనే మాట నేను వినలేదు. నాకు “తగ్గించు” అని చెప్పేవారు. ఇంట్లో వంటావిడకు కూడా వంకాయలు కొయ్యమనేవారు గానీ తరగమనేవారు కాదు. నీళ్ళు తగ్గించాల్సి వచ్చినప్పుడు తల్లినీ తండ్రినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎందుకో విడమరిచి చెప్పి, తిరిగి వాళ్ళ చేత చెప్పించుకునేవారు. చక్రం మీద ప్లాస్టరు వేయించేవారు. ఇవన్నీ మంచి పద్ధతులే, నేనూ పాటిస్తున్నాను. కానీ వార్డులో నవ్వు తగ్గిపోయింది. ఆ మాటతో ఊరడిల్లిన తాతలు, ఆ మాటతో గొడవ మానుకున్న నాయనమ్మలు ఎంతమందో ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. పాత సీసాల విషయంలో బతికినవాళ్ళే మనకు కనపడతారన్న మనిషికి, ఈ విషయంలో చెడిన ఒక్కటే కనపడింది.

ఆ కుటుంబం ఏటా వచ్చేది. చెవి మిషను కోసం, బడి కోసం మేడమే తెలిసినచోట్లకు పంపేవారు. మిషను పెద్దగా పనిచేయలేదు గానీ పిల్ల చురుకైనది. తన చుట్టూ ఉన్న మనుషులందరికీ చేతులతో పేర్లు పెట్టుకుంది. నాకు రెండు వేళ్ళు గుండ్రంగా చుట్టి కంటి దగ్గర పెట్టేది, నా కళ్ళజోడు. వాళ్ళమ్మకు ముక్కుపుడక. మేడంకు మాత్రం అరచెయ్యి చాపి గాలిలో కదలకుండా పట్టేది. వచ్చిన ప్రతిసారీ కాటా ఎక్కిన పిల్లకు మేడమంటే ఆ చెయ్యే. అది మొదటిసారి చూసినప్పుడు మేడం లేచి లోపలి గదిలోకి వెళ్ళి, కాసేపటికి మొహం కడుక్కుని వచ్చారు.

తండ్రి గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. మేడం కుర్చీలోంచే, “మిరప ఎట్టా ఉంది నాయనా?” అనేవారు. “బాగుందమ్మా” అనేవాడు. పంట ఎండిపోయిన ఏడు కూడా బాగుందమ్మా అనే అన్నాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలు అవే.

మేడం పోయిన మర్నాడు ఆసుపత్రి ముందు పందిరి కింద మేడంను అద్దాల పెట్టెలో ఉంచారు. జనం వరసకట్టి వచ్చారు. అతనూ వచ్చాడు, జుట్టంతా తెల్లబడింది. వరసలో నిలబడకుండా నా దగ్గరికొచ్చి పక్కకు రమ్మన్నాడు.

“ఆరోజు చక్రం తిప్పింది నేనే అమ్మా” అన్నాడు. “యార్డులో నా కాయకు తీసిందే చానా ఎక్కువ. ఇక్కడికొస్తే బిడ్డ నీళ్ళకు కూడా తీస్తన్నారు. తీసిందంతా ఎక్కాలని తిప్పా.”

“మేడంకు తెలుసు” అన్నాను.

అతను నాకేసి చూశాడు. “ఎప్పుడు తెలిసింది?”

“ఆరోజే.”

మెట్టు మీద కూర్చుండిపోయాడు. “తెలిసి కూడా అడగలేదా? ఒక్కమాట అడిగినా, తిట్టినా కాళ్ళ మీద పడేవాణ్ణి గదమ్మా. జొరం వల్లని చెప్తే చక్రం సంగతి తెలవక చెప్తుందనుకున్నా. గుమ్మంలో నిలబడి ప్రతిసారీ ఇయ్యాలన్నా అడుగుద్దేమోనని చూసేవాణ్ణి. మిరప సంగతే అడిగేది.”

అప్పుడు నేను ఆ మాట సంగతి చెప్పాను. తప్పు తనదేనని ఆవిడ అనుకున్నారని, ఆ మాటనే మానేశారని. అతనికి నమ్మకం కుదరలేదు. “ఆ మాటలో ఏముందమ్మా, మేం రోజూ అనుకునే మాటేగా. ఆమె తప్పేముంది? నన్ను అడిగుంటే నేనే చెప్పేవాణ్ణి గదా.”

నాకు మేడం మీద కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. ఏ పిల్లకు ఎన్ని చుక్కలో గడియారం పట్టుకుని చూసిన మనిషి, ఒక తండ్రిని ఇన్నేళ్ళు గుమ్మంలో నిలబెట్టి ఉంచారు. దయ అనుకునే చేశారు. అడగకపోతే అతను మర్చిపోతాడనుకున్నారు. అతను ఒక్కమాట చెప్పి ఉంటే ఈవిడ బరువు దిగేది, ఈవిడ ఒక్కమాట అడిగి ఉంటే అతని బరువు దిగేది. ఇద్దరూ మిరప గురించి మాట్లాడుకున్నారు. ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. నా కోపం కూడా ఆవిడకు చెప్పుకోలేను, దానికీ దిగులుగా ఉంది.

కాసేపటికి అతను లేచి, చెప్పులు విడిచి, పెట్టె దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు నిలబడ్డాడు. మైకులో భజన ఆగినప్పుడు అతని గొంతు నాకు వినపడింది. “ఈ ఏడు మిరప పోయిందమ్మా” అన్నాడు.

వెనక నుంచి కూతురు వచ్చింది, ఎదిగిన పిల్ల ఇప్పుడు. పెట్టె లోపలి చలికి అద్దం మీద చెమ్మ పట్టి ఉంది. పొద్దుటి నుంచీ దండం పెట్టినవాళ్ళ వేలిముద్రలు, నుదుటి మరకలు దాని నిండా ఉన్నాయి. ఆ పిల్ల అద్దానికి కొంచెం పైన అరచెయ్యి చాపి, కదలకుండా పట్టుకుంది. జనం ముందుకు జరగమన్నారు, ఆ పిల్లకు వినపడదు. చెయ్యి తీసేసరికి దాని కింద చెమ్మ ఉన్నది ఉన్నట్టే ఉంది.